ఏటి రేవులో నీళ్ళు పోసిన మనిషి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు. మాది గోదావరి మధ్య లంక. వరదల్లో పైనుంచి శవాలు కొట్టుకొచ్చేవి. వెదురు గడలతో వాటిని ఒడ్డుకు లాగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక్కటి కూడా లేచి కూర్చోలేదు, రాత్రి వచ్చి మా తలుపు కొట్టలేదు. పోయినవాళ్ళు పోయినట్టే ఉంటారని నాకు చిన్నప్పుడే తెలిసిపోయింది. ఇప్పటికీ అదే అంటాను. ఈ ఒక్క సంగతి మాత్రం అందులో ఇమడటం లేదు కాబట్టి రాస్తున్నాను.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. బహ్రెయిన్‌లో, హూరా అనే పేటలో నాతోపాటు ఒకే గదిలో ఉండే రాజవ్వ దిద్దించింది. నిజామాబాద్ వైపు మనిషి, నోరు పెద్దది. "గివి అచ్చరాలా అక్కా, సచ్చిన చీమలా?" అనేది నా రాత చూసి. అందుకని పెద్ద పెద్ద మాటలు నాకు రావు. చూసింది చూసినట్టు రాయడం వచ్చు.

నేను పనిచేసే ఇంటి ఆవిడ లీలా మేడం. నర్సు. ముఖం చూస్తే అమలాపురం బస్సులో మన పక్కన కూర్చున్న మనిషిలా ఉంటుంది. నోరు తెరిస్తే అంతా ఇంగ్లీషే. వాళ్ళది గయానా అట. కరీబియన్ తీరం అంటారు, వెస్టిండీస్ వైపు. ఎప్పుడో చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి ఓడల్లో తీసుకుపోయిన జనం సంతతి. ఏ ఊరినుంచి వెళ్ళారో వాళ్ళకే తెలియదు. ఆవిడకూ నాకూ మధ్య నడిచేది వచ్చీరాని హిందీ, వచ్చీరాని ఇంగ్లీషు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఆవిడకు ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పుడు బాగానే ఉంది. రెండో నెల వచ్చేసరికి పాలు మానేసింది. తల్లికి పాలు లేక కాదు, బట్ట తడిసిపోయేది. పిల్ల నోరు పెట్టదు. సీసా పెట్టినా మొహం తిప్పేసుకుంటుంది. చుక్కలు చుక్కలుగా నోట్లో వేస్తే సగం కారిపోతుంది. పరీక్షలన్నీ చేశారు, జబ్బేమీ కనబడలేదు. కొన్నాళ్ళు చూసి, బరువు పెరగకపోతే ముక్కులోంచి గొట్టం వేద్దామన్నారు.

మేడం అప్పుడు గయానాలో ఉన్న వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తానని పట్టుబట్టింది. సార్‌కు మీనా సల్మాన్ ఓడరేవులో పని, సెలవు దొరకలేదు. తోడుగా నన్ను రమ్మన్నారు. నాకు నచ్చలేదు, మొహం మీదే చెప్పాను. రాజవ్వ ఇంకా గట్టిగా అంది. "దుబాయిల లేని డాక్టరు ఆడ ఏటి ఒడ్డున కూసున్నడా? మీ మేడంకు దిమాక్ ఉన్నదా అక్కా?" రాజవ్వకు బహ్రెయిన్ అయినా, ఏదైనా దుబాయే. కానీ ఆ తల్లి మొహం చూశాక నేను కాదనలేకపోయాను. ఆవిడకు డాక్టరు అక్కర్లేదు, అమ్మ కావాలి.

ఇక్కడ మా స్నానం అలవాటు గురించి చెప్పాలి. లేకపోతే తర్వాత సంగతి అర్థం కాదు.

మా లంకలో పసిపిల్ల స్నానం ఒక్కరి పని కాదు. ఒకరు కాళ్ళు చాపుకుని పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకుంటారు. ఇంకొకరు నీళ్ళు పోస్తారు. పోసే మనిషి మొదటి చెంబు తన మోకాలి మీద ఒంపుకుని వేడి చూసుకుంటుంది. పనిచేసిన చేతులు మొద్దుబారి ఉంటాయి, వాటికి వేడి తెలియదు. పక్క ఊళ్ళో మోచేయి ముంచి చూస్తారు. మోకాలి మీద పోసుకోవడం మా లంకలోనే చూశాను. అంతా అయ్యాక నీళ్ళు పోసినావిడను కూర్చోబెట్టి మాడున నూనె పెట్టి పంపాలి. ఉత్తి తలతో పంపితే పిల్లకు చేసిన స్నానం అంటదంటారు. అది నిజమని నేననను. కానీ ఎప్పుడూ మానలేదు.

బహ్రెయిన్‌లో నీళ్ళు పోసే తోడు లేదు. ఎండాకాలం డాబా మీది ట్యాంకు కాగిపోయి, చన్నీళ్ళ కుళాయి తిప్పితే కాలిపోతుంది. హీటరు ఆపేసి, వేణ్ణీళ్ళ కుళాయిలోంచి వచ్చే చల్లని నీళ్ళు కలుపుకుని, ఒంటి చేత్తో మగ్గుతో పోసేదాన్ని. పిల్ల గుక్కపెట్టి ఏడిచేది.

సరే, బయలుదేరాం. విమానం మీద విమానం. పగలెప్పుడో రాత్రెప్పుడో తెలియలేదు. చివరికి ఒక మోటారు పడవ ఎక్కించారు. ఏరు చూసి నేను నివ్వెరపోయాను. నీళ్ళు టీ డికాషన్ రంగులో, నున్నగా, కదలనట్టే ఉన్నాయి. రెండు పక్కలా మడ చెట్లు, వాటి వెనక కొబ్బరి తోటలు. గాలిలో తడి వాసన. పడవ మా ఊరికే పోతోందనీ, ఇంకో మలుపు తిరిగితే మా రేవు వస్తుందనీ అనిపించింది. ఆ మలుపు రాలేదు.

ఆ ఊరికి రోడ్డు లేదు. ఇళ్ళన్నీ కర్రల మీద, ఏటి ఒడ్డునే. ప్రతి ఇంటికీ చెక్కలతో కట్టిన రేవు. తాగడానికి పెద్ద నల్ల ట్యాంకుల్లో వాన నీళ్ళు పట్టుకుంటారు. పొద్దున ఏరు సముద్రం వైపు పోతుంది, పోటు వచ్చాక వెనక్కి నడుస్తుంది. చూస్తూ కూర్చుంటే మనిషి కూడా ఎటు పోతున్నాడో తెలియకుండా పోతుంది. అక్కడున్నన్ని రోజులూ నాకు అలాగే ఉంది. అందరూ మెల్లగా మాట్లాడేవారు. కుక్కలు కూడా అరవడానికి బద్ధకించేవి.

మేడం వాళ్ళమ్మను అందరూ నానీ అంటారు. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని. మోకాళ్ళు వంగవు, మెట్లు దిగలేదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఏవో పాటలు పాడేది. పిల్ల వినేది కానీ పాలు మాత్రం తాగేది కాదు.

మర్నాడు పొద్దున వాన నీళ్ళు కాచి బకెట్‌లో పోసుకుని, పిల్లను తీసుకుని రేవులోకి దిగాను. మేడం పైన పడుకుంది. కాళ్ళు చాపి, పిల్లను వేసుకుని, చెంబు కోసం చెయ్యి చాచాను. చెంబు అప్పటికే ఒకావిడ చేతిలో ఉంది.

పెద్దావిడ. నా కంటే పెద్దది. సన్నగా, నల్లగా, వెలిసిన గౌను లాంటి బట్ట, తల మీద గుడ్డ. పక్కింటావిడ సాయానికి వచ్చిందనుకున్నాను. నాకు భయం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. నీళ్ళు పోయమన్నట్టు తల ఊపాను.

ఆవిడ గౌను పైకి తీసి, మొదటి చెంబు తన మోకాలి మీద ఒంపుకుంది.

నేను గబుక్కున తెలుగులోనే అడిగేశాను. "ఏ ఊరండి పిన్నిగారూ మీది?"

ఆవిడ గడ్డంతో ఏటి అవతల చూపించింది. అంతే. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి పోస్తే పిల్ల కళ్ళలో నీళ్ళు పడవని నాకు తెలిసినట్టే ఆవిడకూ తెలుసు. పాప నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టి పోసింది. పాప ఏడవలేదు. నేను తుడిచి, గుడ్డ చుట్టి, నూనె సీసా కోసం చూసేలోపు ఆవిడ లేదు. తల ఉత్తిగా పోయిందే అని నాకు మనసులో పీకింది.

మధ్యాహ్నం అవతలి ఒడ్డు గురించి నానీని అడిగాను, నా మాట మేడం ఇంగ్లీషులో చెప్పిపెట్టింది. అవతలి ఒడ్డున ఇళ్ళు లేవంది నానీ. బురదా, మడ చెట్లూ తప్ప ఏమీ లేవట. అక్కడ మనుషులు ఎప్పుడూ లేరట. నేను మళ్ళీ రేవులోకి వెళ్ళి చూశాను. నిజమే, చెట్లు నీళ్ళ దాకా వచ్చేశాయి. పడవ ఆపే చోటు కూడా లేదు. ఎవరో తోటల్లో పనిచేసే మనిషి అయ్యుంటుందిలే అనుకున్నాను.

ఆవిడ తర్వాత కూడా వచ్చింది. ప్రతిసారీ ఒకేలాగ. పడవ చప్పుడు విన్నది లేదు, వచ్చిన దారి చూసింది లేదు. ఒక్క మాట మాట్లాడలేదు. నేనే మాట్లాడేదాన్ని, మా గోదావరి గురించి, పిల్ల పాలు తాగకపోవడం గురించి. చాలా కాలానికి సొంత మనిషి దొరికినట్టుండేది. నిజం చెప్పాలంటే ఆవిడెవరో తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

కానీ పిల్ల చిక్కిపోతోంది. ఒకరోజు పొద్దున మాడు మీద మెత్తటి చోటు గుంట పడి కనబడింది. ఏడుపులో కూడా జీవం లేదు. మేడం నర్సు కదా, ఒంట్లో నీరు తగ్గిపోయిందని చూడగానే ఆవిడకు తెలిసిపోయింది. పట్నం ఆసుపత్రికి తీసుకుపోవడానికి పడవకు కబురు పంపింది. పడవ వచ్చేలోపు స్నానం చేయించి సిద్ధం చేయమని నాకు చెప్పి, సంచి సర్దడానికి పైకి వెళ్ళింది. మెట్ల మీద ఆవిడ ఏడవడం వినబడింది.

నేను రేవులో పిల్లను ఎత్తుకుని నిలబడ్డాను. ఆ పెద్దావిడ అప్పటికే కూర్చుని ఉంది. ఆ రోజు చెంబు ముట్టలేదు. ఏటి వైపు తిరిగి కాళ్ళు చాపుకుని, నా వైపు చేతులు చాచింది.

ఇవ్వమంటోంది.

నేను ఆగాను. పరాయి వాళ్ళ బిడ్డ, అదీ ప్రాణం మీదున్న బిడ్డ. పక్కన లోతైన ఏరు. ఈ మనిషి పేరు కూడా నాకు తెలియదు. ఇవ్వకూడదనే అనుకున్నాను. కానీ ఆ కాళ్ళు చాపిన తీరు చూశాక నా చేతులు వాటంతటవే వంగాయి. ఇచ్చాను.

ఆవిడ పాపను తల పాదాల వైపు పెట్టి పడుకోబెట్టుకుంది. నేను మొదటి చెంబు నా మోకాలి మీద పోసుకుని చూసుకున్నాను. తర్వాత పోశాను. బకెట్ ఖాళీ అయ్యేదాకా పోశాను. ఆవిడ చిటికెన వేలు పాప పెదవి మీద ఆనించి ఉంచింది. పాప దాన్ని అందుకుని చప్పరించడం మొదలుపెట్టింది. అన్నాళ్ళలో ఆ పిల్ల ఏదైనా చప్పరించడం నేను చూడటం అదే.

ఈసారి వదలలేదు నేను. "ఉండండి పిన్నిగారూ, తల మీద నూనె పెట్టకుండా పంపితే నాకు తప్పు" అన్నాను. ఆవిడ తల వంచింది. గుడ్డ తీసి మాడున కొబ్బరి నూనె పెట్టాను. జుట్టు తడిగా ఉంది. ఇప్పుడే ఏటిలో మునిగి లేచినట్టు, మొదళ్ళ దాకా తడి, చల్లదనం. నూనె జారిపోతోంది. బట్ట మాత్రం పొడిగా ఉంది. బకెట్టు నీళ్ళు పోశాను ఆ కాళ్ళ మీద, అంచు కూడా తడవలేదు.

అది నేను చూశాను, ముట్టుకున్నాను. అప్పుడు కూడా భయం వేయలేదు. పాపను నా చేతుల్లో పెట్టింది. నేను తువ్వాలు చుట్టాను. తలెత్తితే లేదు. నీళ్ళలో ఒక్క అల లేదు.

మేడం సంచితో దిగి వచ్చింది. చెక్కల వైపు చూసి ఆగిపోయింది. చెక్కలన్నీ తడిసి నల్లగా ఉన్నాయి, మధ్యలో పక్కపక్కనే చాపిన రెండు కాళ్ళ ఆకారంలో తెల్లగా పొడి చోటు. తర్వాత నన్ను చూసింది. నా నైటీ మోకాలి దగ్గర తప్ప ఎక్కడా తడి లేదు. స్నానం చేయించినదాన్ని నేనైతే నడుం దాకా తడవాలి. అది ఆవిడకు తెలుసు, రోజూ చూస్తోంది.

"ఇక్కడ ఎవరు కూర్చున్నారు సత్యా?" అంది.

నేను బిడ్డను ఆవిడ చేతుల్లో పెట్టగానే పాప తల తిప్పి తల్లి గుండెల్లో వెతకడం మొదలుపెట్టింది. మేడం అక్కడే, ఆ తడి చెక్కల మీదే కూలబడి పాలిచ్చింది. గుటకల చప్పుడు నాకు వినబడింది. ఎండ ఎక్కింది. చుట్టూ ఉన్న తడి కూడా మెల్లగా ఆరి, ఆ రెండు కాళ్ళ గుర్తు చెక్కల్లో కలిసిపోయింది. పడవ వచ్చింది. అయినా పట్నం వెళ్ళి చూపించాం. తాగుతోంది కదా, తీసుకుపోండి అన్నారు.

ఆవిడ మళ్ళీ రాలేదు. ఉన్నన్నాళ్ళూ నూనె సీసా పట్టుకుని కూర్చున్నాను.

పాప ఇప్పుడు హూరా ఫ్లాట్‌లో నా కొంగు పట్టుకుని తిరుగుతోంది. ఆ రోజు సంగతి మేడం నాతో ఎప్పుడూ ఎత్తదు, సార్‌కు చెప్పినట్టు కూడా లేదు. చెక్కలు ఎండకు అక్కడక్కడా ఆరాయనుకుందామంటే అనుకోవచ్చు. నా చేతికి తగిలిన తడి జుట్టును ఏమనుకోవాలో నాకు తెలియదు.

రాజవ్వ మాత్రం వదల్లేదు. అంతా వింది. తర్వాత అడిగింది. "మల్లొచ్చి చేతులు చాపితే పిల్లనిస్తవా అక్కా?"

పిల్ల పాలు తాగుతుందంటే ఇస్తాను అన్నాను. ఎవరికిచ్చావు అని అడిగితే మాత్రం ఇప్పటికీ చెప్పలేను.