పురుగును చూసి కూడా సీసాలకెత్తిన పచ్చడి

బోధన్‌కూ రెంజల్‌కూ మధ్య ఉండే మా అత్తగారి ఊళ్లో అప్పట్లో అందరిదీ చెరుకే. మా ఇంటి వెనక మాత్రం, బావి నీళ్లు పారే చోట, నాలుగు సాళ్లు కూరగాయలకు వదిలేవారు. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, అరవైల మొదట్లో, ఆ నాలుగు సాళ్లలో టమాటలు విరగకాశాయి. పప్పులో టమాట, చారులో టమాట, వంకాయలో టమాట. పక్కింటివాళ్లకు పంపిస్తే, మా ఇంట్లోనూ ఉన్నాయని తిరిగి పంపించేవారు. మిగిలినవి వసారా మూలలో గోనెసంచి మీద పోసేవాళ్లం. మూడో రోజుకల్లా అడుగువి చితికి, సంచి తడిసి, పుల్లటి నీరు గడప దాకా కారేది. దాని మీద సన్న ఈగలు ముసిరేవి. అక్కడే కూర్చుని అన్నం తినేవాళ్లం. నేను ముద్ద ముద్దకూ చేత్తో ఈగలను తోలేదాన్ని. మా అత్త తోలేది కాదు.

ఆ రోజుల్లో ఆడవాళ్లకు ఇంటిపనులూ శుభ్రతా నేర్పడానికి సర్కారు తరఫున నిజామాబాద్ నుంచి వారానికోసారి గ్రామసేవిక వచ్చేది. మెథడిస్టు క్రైస్తవుల ఇంటి మనిషి. గోళ్లు ఎప్పుడూ మొదలంటా కత్తిరించి ఉండేవి. మా వసారా మూల చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. మరుసటి వారం బస్సులో ఒక పెట్టె నిండా వెడల్పు మూతి గాజు సీసాలు తెచ్చింది.

టమాట, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, ఎల్లిగడ్డ, కొత్తిమీర, అన్నీ సన్నగా తరిగి, ఉప్పేసి, సిర్కా, అంటే వెనిగర్, పోసి ఉడికించాలి. మరగబెట్టిన సీసాల్లోకి వేడివేడిగా ఎత్తి, మూత బిగించి, గంగాళంలో నీళ్లు పోసి ఆ సీసాలను మళ్లీ అరగంట మరిగించాలి. అలా చేస్తే ఏడాది పాడు కాదట.

"నూనె లేదు, పోపు లేదు, గదేం పచ్చడి?" అంది మా అత్త.

"తిన్నంక చెప్పు పెద్దమ్మా," అని నవ్వి, గ్రామసేవిక నా వైపు తిరిగింది. "చెల్లె, ఒక్క మాట యాదికుంచుకో. ఒత్తితే మెత్తగున్న పండు పెంటల పారెయ్యాలె. మురిగిన కాడికి కోసి, మిగిలింది ఏద్దమనుకోవద్దు. నువ్వు మంచిగ చేస్తే చుట్టుపక్కల ఊర్ల ఆడోళ్లను తీస్కొచ్చి నీ సీసాలు చూపిస్త."

ఆ చివరి మాట నాకు బాగా ఎక్కింది. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ నేను చేసిన పనిని నలుగురు వచ్చి చూడడమంటూ అంతకుముందు లేదు.

మర్నాడు పొద్దున్నే పండ్లు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటీ ఒత్తి చూసి, మెత్తనివి చాటలో వేశాను. కొన్ని పైకి నున్నగానే ఉండి, వేలు తగలగానే పుండులా పగిలి, గింజలతో సహా మోచేతి దాకా జారాయి. మంచివి తరిగి పెద్ద డేగిశాలో పోసి పొయ్యి మీద పెట్టి, కొత్తిమీర కడగడానికి బావి దగ్గరికి పోయాను. తిరిగి వచ్చేసరికి చాట ఖాళీగా ఉంది. మా అత్త గరిటెతో కలుపుతోంది.

"చాటల పండ్లేవి అత్తమ్మా?"

"ఏసిన. గన్ని పండ్లు పారేస్తరా? మంట మీద ఉడికినంక ఏమైతది?"

డేగిశాలోకి వంగి చూశాను. ఎర్రటి బుడగల మధ్య తెల్లటి పురుగు ఒకటి, ఉడికి ఉబ్బి, నల్లటి తలతో పైకి తేలింది. గరిటెతో తీసి బూడిదలో విసిరాను. ఇంకోటి తేలింది. దాన్నీ తీశాను. మూడోసారి గరిటె ముంచేటప్పుడు డేగిశా వైపు చూడకుండా గోడ వైపు చూశాను. ఆ పచ్చడంతా పారబోసి ఉండాల్సింది. పారబోస్తే చూపించడానికి సీసాలు ఉండవు. అందుకని ఇరవై రెండు సీసాలకూ ఎత్తి, మూతలు బిగించి, చెప్పిన ప్రకారం మరిగించాను. సామాన్ల అర్రలో వరసగా పెడితే చూడడానికి ఎంతో అందంగా ఉన్నాయి.

హోలీ దాటాక ఒక మధ్యాహ్నం ఆ అర్రలో ఏదో పేలినట్టు చప్పుడైంది. తలుపు తీస్తే పులిసిన కల్లూ చచ్చిన ఎలుకా కలిసినట్టు కంపు. ఒక సీసా మూత ఎగిరిపోయి, పచ్చడి నురగలు కక్కుతూ గోడ మీద చారలు కట్టింది. మిగతా మూతలు ఉబ్బి ఉన్నాయి. కొన్నింట్లో పైన బూడిద రంగు బూజు, ఎలుక బొచ్చులా మెత్తగా. నేను వాకిట్లోకి పరుగెత్తి కక్కుకున్నాను.

మా అత్త లోపలే ఉండిపోయింది. నేను మూతి కడుక్కుని వచ్చేసరికి సీసాలు ఒక్కొక్కటీ తెరిచి, గరిటెతో బూజు గీకి పడేసి, కింది పచ్చడిని గిన్నెలోకి ఎత్తుతోంది. వేలు ముంచి నాకి, "పులిసింది గంతే," అంది. గిన్నె నిండాక నా చేతిలో పెట్టింది.

"చెరుకు కొట్టెటోళ్లు రొట్టెల్లకు ఏమన్నుంటే ఇయ్యిమన్నరు. తీస్కపోయి ఇచ్చి రా. ఆళ్లకు ఏదైతేంది?"

నేను కాదనలేదు. గిన్నె మీద గుడ్డ కప్పి, ఊపిరి బిగబట్టి, గట్టు వెంట నడిచాను. మహారాష్ట్ర నుంచి ఏటా వచ్చే కూలీలు మా చేను పక్కనే చెరుకాకుతో గుడిసెలు వేసుకుని ఉండేవారు. వాళ్లలో నా ఈడుదే ఒకామె, చంకలో పసిబిడ్డ, రొట్టె కాలుస్తోంది. గుడ్డ తీసి వాసన చూసి నా ముఖంలోకి చూసింది.

"బాయీ, తుమ్హీ హే ఖాతా కా?" అంది. నాకు అర్థం కాలేదనుకుని మళ్లీ తెలుగులో అడిగింది. "మీరు తింటరా ఇది?"

"తింటం," అన్నాను.

ఆమె రొట్టె ముక్క తుంచి, పచ్చడిలో అద్ది, నా నోటి ముందు పెట్టింది. కోపం లేదు, వెటకారం లేదు. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు కొడవళ్లు పక్కన పెట్టి చూస్తున్నారు. నోరు తెరిచాను. నాలుక మీద సుర్రున మండి, జిగటగా సాగింది. పైకి తేలిన పురుగు కళ్ల ముందుకు వచ్చింది. మింగబోయి, అక్కడే కూలబడి కక్కాను. ఆమె చెంబుతో నీళ్లు ఇచ్చింది. నేను పుక్కిలించి లేచేలోపు గిన్నెలోది కాలువలో పారబోసి, ఇసుకతో తోమి, నా చేతికి ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చి గడ్డపారతో పెంటకుప్ప పక్కన గొయ్యి తవ్వాను. మిగిలిన సీసాలన్నీ అందులో వంచుతుంటే మా అత్త నెత్తి కొట్టుకుంది.

"పిస లేసిందా పిల్లా నీకు?"

"నువ్వు తింటవా అత్తమ్మా? అన్నంల కలుపుకొని తింటనంటే ఒక్క సీసా ఉంచుత."

ఆమె కొంగు దులుపుకుంది. లోపలికి పోయింది.

ఆ వారంలోనే గ్రామసేవిక పక్క ఊళ్ల నుంచి ఎనిమిది మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. వాళ్ల ముందే పురుగు సంగతి, కూలీల గుడిసెల సంగతి, అన్నీ చెప్పేశాను. ఒకామె పక్కకు తిరిగి ఉమ్మింది. గ్రామసేవిక ముఖం పాలిపోయింది. "గుడిసెలకాడ పిల్లలెవ్వరన్న తిన్నరా?" అని మాత్రం అడిగింది. తినలేదన్నాను. "దేవుడు కాపాడిండు," అని లేచింది. ఆ రోజు మా ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేదు.

అయినా మరుసటి ఏడు ఆమే సీసాలు తెచ్చింది. ఈసారి మా అత్తను నేను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. పదకొండు సీసాలు చేశాను, ఒక్కటీ చెడలేదు. చెరుకు కొట్టడానికి వచ్చిన గుంపులో పోయినేటి ఆమె కనిపించలేదు. ఒక సీసా వాళ్ల ముందే తెరిచి, నేను తిని చూపించి, ఇచ్చి వచ్చాను. తీసుకున్నారు. నాలుగు రోజుల తర్వాత అటు పోతే, సీసా నిండుగానే గట్టు మీద ఉంది. మూత చుట్టూ చీమలు పట్టి ఉన్నాయి. ఎవరో చెప్పి ఉంటారు.

సీసా ఇంటికి తెచ్చాను. వాళ్లకు వద్దట అని చెబితే, "ఆళ్లకు సుత నకరాలేనా!" అని మా అత్త మూతి తిప్పింది. చీమలను ఊదేసి, పచ్చడి అన్నంలో కలుపుకుని, వేళ్లు నాక్కుంటూ తినసాగింది. నేను నా కంచం తీసుకుని వాకిట్లోకి పోయి కూర్చున్నాను.