నేరమంతా ఉమ్మెత్తదే

మొన్న భోజనాలయ్యాక మా కోడలు అందరి ముందూ డిప్రెషన్ గోలీ ఒకటి వేసుకుని, మిగతావి మనవడికి అందకుండా అల్మారాలో పెట్టి తాళం వేసింది. ఎవరూ తల తిప్పి చూడలేదు. నాకు మాత్రం ఉన్నట్టుండి కోపం ముంచుకొచ్చింది. కోడలి మీద కాదు పాపం, డెబ్బైల నాటి ఒక అత్తగారి మీద. ఆ కోపం ఇన్నేళ్ళయినా పచ్చిగానే ఉంది.

అప్పుడు నేను బోధన్‌లో ఒక చిన్న దవాఖానలో కొత్త డాక్టర్ని. చెరుకు ఆడే కాలం. ఊరంతా ఉడికే చెరుకు రసం వాసన, చివరికి నా చీరలకు కూడా. ఒక మధ్యాహ్నం చక్కెర మిల్లు పనివాళ్ళ ఇళ్ళ నుంచి ఒక అత్తా కోడలూ మూడేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని పరుగెత్తుకొచ్చారు. పిల్లాడి మొహం కందిపోయింది, నోరు ఎండిపోయింది, కంటిపాపలు పెద్దవయ్యాయి. వాడు గాలిలో ఏదో ఏరుకుంటున్నాడు. అత్తగారు నన్ను నోరు తెరవనివ్వలేదు.

"ఉమ్మెత్తకాయ తిన్నడు డాక్టరమ్మా. దొడ్లె మస్తుగున్నయి. చింతపండు పులుసు తాపినం."

ఆ రోజుల్లో పిల్లలు నా దగ్గరికి చేరేలోపల వాళ్ళ కడుపుల్లోకి సగం వంటిల్లు చేరేది. లక్షణాలు మాత్రం ఉమ్మెత్తకు అచ్చంగా సరిపోయాయి. గొట్టం వేసి కడుపు కడిగాం. గింజ ఒక్కటీ రాలేదు. పైగా నాడి దౌడు తీస్తూ మధ్యమధ్య తప్పుతోంది. అది నాకు నచ్చలేదు. ఉమ్మెత్తయితే మత్తు దిగేదాకా దగ్గరుండి చూసుకుంటే చాలామంది తేరుకునేవాళ్ళు. గుండెను పట్టే మందేదైనా మింగి ఉంటే మాత్రం నిజామాబాద్ పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఇంట్లో ఏం గోలీలున్నాయని అడిగాను.

"మా ఇంట్ల గోలీలు మింగెటోళ్ళు లేరు" అంది ఆవిడ.

బతిమాలాను, కసిరాను. మళ్ళీ ఉమ్మెత్తే! మనవడి కోసం కుమిలి కుమిలి ఏడుస్తూనే ఉంది, అబద్ధం మాత్రం వదల్లేదు. కోడలు నేలచూపులు చూస్తూ నిలబడింది. నాకు ఇద్దరినీ పట్టుకుని కుదిపేయాలనిపించింది.

అంతలో పిల్లాడికి ఫిట్స్ వచ్చాయి. సూది మందుతో ఆపేసరికి కోడలు అత్తను తోసుకుని ముందుకొచ్చింది.

"నా గోలీలే డాక్టరమ్మా. మనసు బాగుంటలేదని పట్నంల రాసిచ్చిన్రు. ఎవ్వలకు కనవడద్దని అత్తమ్మ చక్కెర బతాషల డబ్బల వోయించింది. ఎర్రగ, తియ్యగ ఉంటయి."

"నోర్ముయ్! ఊరంత నిన్ను పిచ్చిదంటరు" అంది అత్త, పిల్లాడు అలా పడి ఉండగానే.

జీపు దొరికింది కానీ రోడ్డంతా చెరుకు బండ్లు. హారన్‌కు ఎడ్లు జరుగుతాయా! పిల్లాడి మణికట్టు పట్టుకుని లోకాన్నంతా తిట్టుకున్నాను. ఎలాగో చేరాం. ఏం మింగాడో తెలిసింది కాబట్టి అక్కడివాళ్ళు గుండెను కనిపెట్టుకుని కూర్చుని, సెలైన్‌లో సోడా మందు ఎక్కించారు. వాడు బతికాడు.

సంతోషించాలి కదా. కొన్నాళ్ళకు వాళ్ళ వీధికి వెళ్తే ఉమ్మెత్త మొక్క ఒక్కటీ లేదు, మగవాళ్ళంతా కలిసి పీకేశారట. గోలీలేమో కాలువలో పారేశారట. కోడలు తల దువ్వుకోకుండా గడపలో కూర్చుని ఉంది. మళ్ళీ పట్నం తీసుకుపొమ్మని మొత్తుకున్నాను. నా మాట ఎవరు విన్నారు! ఆ తర్వాత నేనే ఊరు మారాను.

ఆ పిల్లాడికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. చిన్నప్పుడు ఉమ్మెత్తకాయ తిని బతికానని తన పిల్లలకు చెప్పుకుంటూ ఉంటాడేమో. తల్లి నోరు విప్పబట్టి బతికానని ఇన్నేళ్ళలో వాడికి ఎవరూ చెప్పి ఉండరు. ఇప్పుడు తెలిసినా, వెళ్ళి పలకరించడానికి ఆమె ఉందో లేదో.