పొగగొట్టంలోంచి జోహార్

ఆ రోజుల్లో బెజవాడలో మంచు ఎలా పడేదనుకున్నారు! ఇప్పటిలాగా స్కూటరు అద్దం మీద కాస్త చెమ్మ పెట్టి పోయే రకం కాదు. బందరు కాలవ మీంచి లేచిందంటే గట్టు మీద నడిచే మనిషికి తన పాదాలు తనకే కనపడేవి కావు. ఎదుటివాడు పలకరిస్తే, వాడు బతికున్నవాడేనా అని ఒక్క క్షణం ఆలోచించుకుని బదులు చెప్పాల్సి వచ్చేది. (నేను ఆవగింజ చూపించి ఏనుగంటానని మా అమ్మ అభియోగం. కానీ ఈ కథలో ఆవిడకూ వాటా ఉంది కాబట్టి నోరెత్తదు.)

మా మేనమామ కమ్యూనిస్టు నాయకుడు. రైసుమిల్లు కూలీల యూనియన్ అంటే ఆయనే. ఊరంతా జిందాబాద్ మామయ్య అనేవారు, ఎందుకంటే ఎక్కడ ఎవరు నినాదం ఎత్తుకున్నా దాని రెండో సగం ఆయన నోట్లోంచి దానంతటదే ఊడిపడేది. గడ్డం గీయించుకుంటుండగా వీధిలో ‘ఇంక్విలాబ్’ అని వినపడిందా, కత్తి చెంప మీద ఉందన్న స్పృహ కూడా లేకుండా పిడికిలి లేచేది, ‘జిందాబాద్’ మోగేది, చెంప మీద కొత్త గాటు పడేది. ఆ గాట్లను లాఠీ దెబ్బలనుకుని జనం దణ్ణాలు పెడుతుంటే, కాదని చెప్పేంత తీరిక ఆయనకు ఉండేది కాదు. దేవుడు లేడు, దయ్యమూ లేదు అని ఆయన మా అరుగు మీద కూర్చుని చెబితే, మైకు లేకుండానే బెంజ్ సర్కిల్ దాకా వినపడేది.

నేనేమో ఆయన సమ్మె కట్టించిన మిల్లులోనే గుమాస్తాని. పగలంతా షావుకారు దగ్గర ‘చిత్తమండి’, సాయంత్రం మామయ్య దగ్గర ‘అవును కామ్రేడ్’. ఎదురు మాట్లాడారని బియ్యం చెరిగే ఆడవాళ్ళను కొందరిని షావుకారు పనిలోంచి తీసేశాడు. వాళ్ళను మళ్ళీ తీసుకునేదాకా ఎవరూ చేట ముట్టరని మామయ్య ప్రకటించాడు. మిల్లు ఆగింది, బాయిలరు చల్లారింది, మామయ్య మీద వారెంటు వచ్చింది, మామయ్య మాయమయ్యాడు. పోలీసు వ్యాను హనుమాన్ జంక్షన్ నుంచి మంగళగిరి దాకా ప్రతి గడ్డివామినీ ఎత్తి చూసింది. చివరికి ఒక మంచు ఉదయం కాలవ గట్టు మీద ఆయన చెప్పులూ, ఎర్ర తువ్వాలూ దొరికాయి. మనిషి లేడు. “మీ నాయకుడు నీళ్ళపాలయ్యాడు, పాపం. ఇంక పనిలోకి రండి” అని షావుకారు ఆ పూటే కబురు పెట్టాడు. చాలామంది తలలు వాల్చేశారు. నాయకుడే లేకపోతే సమ్మె ఎన్నాళ్ళు నిలుస్తుంది?

విచిత్రం ఏమిటంటే మా అమ్మ కంట చుక్క నీరు రాలేదు. పైగా రోజూ పొద్దున్నే నా చేతికి గోంగూరా అన్నం ఉన్న గిన్నె ఇచ్చి, “తాళాలు నీ దగ్గరేగా, మిల్లులో బాయిలరు గది గూట్లో పెట్టిరారా. పోయినవాళ్ళకు ఆకలుంటుంది, కాకులొచ్చి తింటాయి” అనేది. చీకటి గుయ్యారంలాంటి ఆ గదిలోకి ఏ కాకి వస్తుందని నేనడగలేదు. మర్నాడు వెళ్ళేసరికి గిన్నె ఖాళీ. ఖాళీ ఒక్కటేనా, శుభ్రంగా కడిగి బోర్లించి ఉండేది! మొదట భయమేసింది. బతికుండగా కంచం కూడా తీయని మనిషి చచ్చాక గిన్నెలు కడుగుతున్నాడే అని జాలేసింది కూడా. దానికి తోడు చల్లారిన పొగగొట్టం కొస నుంచి సన్నగా పొగ. కొండంత గొట్టంలోంచి దారప్పోగంత పొగ. దాని వెనకే ఎక్కడో పాతాళంలోంచి వచ్చినట్టు ఒక దగ్గు. హమాలీలు ఆ గోడ పక్కన నడవడం మానేశారు.

సంతాప సభ మిల్లు ఆవరణలోనే పెట్టారు. పొద్దెక్కినా మంచు విడవలేదు. దండ వేసిన మామయ్య ఫోటో ఒక్కటే తెల్లటి ఆ మసకలో తేలుతూ, అందరినీ కోపంగా చూస్తోంది. షావుకారు పెద్ద దండతో వచ్చి, ఫోటో ముందు కర్పూరం వెలిగించి, “ఆయన ఆఖరి కోరిక మిల్లు నడవడమేనండీ” అన్నాడు. శవం దొరకలేదు కాబట్టి మూలన వారెంటు జేబులో పెట్టుకుని కానిస్టేబులు నిలబడ్డాడు. తీసేసిన ఆడవాళ్ళకు పెద్ద దిక్కైన చేటల మామ్మ ముందుకొచ్చి పిడికిలెత్తింది.

“కామ్రేడ్ మామయ్యకీ...”

మేమింకా నోళ్ళు తెరవలేదు. ఆకాశంలోంచి, సరిగ్గా మా నెత్తిన, గుహలో ఉరిమినట్టు వచ్చింది.

“జో...హార్!”

షావుకారు దండను ఫోటోకు వెయ్యబోయి తన మెళ్ళోనే వేసుకున్నాడు. చేటల మామ్మ ఒక్కసారి పొగగొట్టం వైపు చూసి, తల పక్కకు వంచి విని, మరింత గట్టిగా ఎత్తుకుంది.

“కామ్రేడ్ మామయ్యకీ...”

“జోహార్!” ఈసారి చివర్న దగ్గు.

“అడుగుతున్నాడండీ షావుకారు గారూ!” అంది మామ్మ. “మా సంగతి తేల్చందే పోయేట్టు లేడు. కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యండి మరి, అందర్నీ పనిలోకి తీసుకుంటానని.”

“చేస్తా తల్లీ, చేస్తా!” షావుకారు అరచేత్తో కర్పూరం ఆర్పాడు. అరచెయ్యి కాలినట్టు కూడా తెలియలేదాయనకు. ఆ వెంటనే, “ఒరేయ్, ముందు బాయిలరు ముట్టించండి! ఊక దట్టించండి! ఆ దయ్యం పొగకే పోవాలి!” అని కేకేశాడు.

మామ్మ నా చెవి పట్టుకుంది. “దయ్యానికి దగ్గేమిట్రా, తింగరి సన్నాసీ! తాళం నీ దగ్గరేగా? పోయి మీ మామను లాగు, కాలిపోతాడు!”

నేను పరిగెత్తిన పరుగుకు మంచు రెండుగా చీలింది. బాయిలరు వెనక, పొగగొట్టం అడుగున మసి తీసే ఇనుప తలుపు లాగితే, లోపల నల్లటి ముద్ద ఒకటి. అందులో రెండు కళ్ళు, ఆరిన బీడీ.

“గోంగూరలో ఉప్పు తక్కువైందని మీ అమ్మకు చెప్పరా అల్లుడూ” అంది ముద్ద.

“మామయ్యా! పోలీసులుండగా ఎందుకు పలికావు?”

“చెప్పులు గట్టున పెట్టి ఎంత బాగా చచ్చాను! కానీ సగం నినాదం గాల్లో వేలాడుతుంటే వదిలెయ్యమంటావా?”

ఆయన్ని లాక్కుని పెరటి గేటు దగ్గరికి వచ్చానో లేదో, మంచులోంచి కానిస్టేబులు ఎదురయ్యాడు. మామయ్యేమో నిలువెల్లా మసి, తెల్లటి గుడ్లు, తెల్లటి పళ్ళు. చూసి కానిస్టేబులు రెండు చేతులూ జోడించి, “బాబ్బాబు, చిన్నపిల్లలవాణ్ణి దయ్యంగారూ” అన్నాడు. మామయ్య అలాగే తప్పుకుని పోవచ్చు గదా! ఆగాడు. వేలెత్తాడు. “చూడండీ, దయ్యాలు లేవు. అదంతా మూఢనమ్మకం. మనిషి ధైర్యంగా ఆలోచించాలి” అన్నాడు. “చిత్తమండి” అని కానిస్టేబులు కళ్ళు తేలేశాడు. మామయ్య మంచులోకి నడిచి మాయమయ్యాడు. చెరిగే ఆడవాళ్ళు మర్నాడు పనిలోకి వచ్చారు. కర్పూరం మీద మాట కాబట్టి షావుకారు తప్పలేదు.

ఆ తర్వాత మామయ్య చాలా ఏళ్ళు బతికి, వారెంట్లన్నీ పాతబడ్డాక, తన మంచం మీదే పోయాడు. ఊరేగింపు పాత మిల్లు ముందు ఆగింది. పొగగొట్టం లేదక్కడ, దాని ఎత్తున ఖాళీ ఆకాశం ఉంది. ఎవరో కుర్రాడు పిడికిలెత్తి “కామ్రేడ్ మామయ్యకీ...” అన్నాడు. పాతవాళ్ళం ఎవరమూ పలకలేదు. బదులు పలకడంలో మామయ్యకే మొదటి వంతు ఇవ్వడం మాకు అలవాటు. అందరం తలలెత్తి పైకి చూస్తూ నిలబడ్డాం.

అంతలో దగ్గు వినపడింది. గుంపు మొత్తం ఉలిక్కిపడింది, నేనూ ఉలిక్కిపడ్డాను. తీరా చూస్తే దగ్గింది నేనే. ఈ వయసుకు నాకూ సరిగ్గా ఆ దగ్గే వచ్చిందన్నమాట. నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే, గొంతు సరిచేసుకుని, ఆయన వదిలేసిన ఆ రెండో సగం నేనందుకున్నాను.