నాథనియల్ తొలి బిడ్డ

గుంటూరులో చరిత్ర ఎమ్మే చదివిన వసుంధరకు దోహాలో దొరికిన ఒకే ఒక్క పని, ఎవరో అమెరికన్ల మూలపురుషుణ్ణి వెతకడం.

భర్త సుబ్బారావు ఒక నిర్మాణ కంపెనీలో ఇంజనీరు. అల్ దోహా అల్ జదీదా అనే పేటలో, కింద దర్జీ కొట్టున్న పాత భవనంలో వాళ్ళ కాపురం. తొంభై రెండులో వాళ్ళకు కొడుకు పుట్టాడు. పుట్టి ఏడవలేదు. వసుంధర ఇంకా ఆసుపత్రి మంచం మీద మత్తులో ఉండగానే, సుబ్బారావు ఆ బిడ్డను తీసుకెళ్ళి కార్యం ముగించుకొచ్చాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఉయ్యాల కోసం కొన్న తాడు ఎప్పుడు పారేశాడో కూడా ఆమెకు తెలియదు.

పగలంతా గోడకేసి చూస్తూ కూర్చునే మనిషిని చూడలేక, ఏడాది తిరిగాక సుబ్బారావే ఆ పని కుదిర్చాడు. అతని పైఅధికారి భార్య మార్తాకు వంశచరిత్ర అంటే పిచ్చి. ఆమె పూర్వీకుడు నాథనియల్ ఇంగ్లండులో మగ్గం నేసుకునేవాడు. అమెరికాలో తెల్లవాళ్ళు కాలుమోపిన తొలిరోజుల్లో, భార్యతో ఓడెక్కి మసాచుసెట్స్ చేరాడు. అతని పిల్లలు, వాళ్ళ పిల్లలు, అలా తన దాకా అందరినీ ఒక పుస్తకంలో అచ్చు వేయించాలని మార్తా కోరిక. అక్కడి చర్చిల నుంచి నకళ్ళు పోస్టులో వచ్చేవి. ఆ గొలుసుకట్టు రాతను కూడబలుక్కుని, మార్తా ఇంట్లోని కంప్యూటర్లోకి ఎక్కించడం వసుంధర పని.

ఆ పనిలో ఆమె మళ్ళీ మనుషుల్లో పడింది. వంట చేస్తూ కూడా నాథనియల్ గురించే చెప్పేది. అతను ఏ వాగు పక్కన ఇల్లు కట్టాడో, పొరుగువాడి పందులు చేలో పడితే ఎలా తగువుకెళ్ళాడో చెబుతుంటే సుబ్బారావు ఊఁ కొడుతూ వినేవాడు.

ఒకరోజు వచ్చిన నకలులో చిన్న వరస కనిపించింది. ఓడ దిగిన మొదటి చలికాలంలోనే నాథనియల్ బిడ్డ ఒకటి పోయింది, పూడ్చారు. పేరు లేదు. వసుంధర ఆ వరసను అతని పిల్లలందరికంటే పైన చేర్చింది.

పుస్తకం అచ్చుకు వెళ్ళేముందు మార్తా అక్కడ వేలు పెట్టింది.

"ఇది తీసేద్దాం వసుంధరా. ఆడో మగో కూడా తెలియదు. ఆ బిడ్డ నుంచి మా వంశంలోకి ఎవరూ రాలేదు కదా."

"పెద్దబిడ్డ అదేగా, మేడమ్."

"నిజమే. కానీ చదివేవాళ్ళు తికమకపడతారు."

మార్తా మంచిది. గొంతులో కాఠిన్యం లేదు. అందుకే వసుంధర ఇంకేం అనలేక, తన చేత్తోనే ఆ వరస చెరిపేసింది. కిందున్న పేర్లన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి.

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ భర్తను అడిగింది.

"ఏమండీ, మన బాబుని ఎక్కడ పెట్టారు?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఇప్పుడెందుకు వసూ?"

"చూడాలి."

అతను కంచం పక్కకు జరిపాడు. "నాకు తెలీదు. నేను కారు దిగలేకపోయాను. జలంధర్ తీసుకెళ్ళాడు లోపలికి."

జలంధర్ కంపెనీ డ్రైవరు, కరీంనగర్ వైపువాడు. శుక్రవారం వాళ్ళిద్దరినీ అతనే వెంటబెట్టుకుపోయాడు. ఊరి బయట, పరాయి మతాలవాళ్ళకు కేటాయించిన శ్మశానం అది. గోడ లోపల ఇసుక తప్ప ఏమీ లేదు.

"గిక్కడనే మేడమ్," అన్నాడు జలంధర్. మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. "కాదు, గా దిక్కు. గప్పుడు గీ గోడ లేకుండె. నాలుగు రాళ్ళు వెట్టిన. గాలికి అన్నీ కప్పుకపోయినట్టున్నయ్."

"నువ్వు వాడి మొహం చూశావా?"

జలంధర్ నేలచూపులు చూశాడు. "చూసిన మేడమ్. జుట్టు మస్తుండె. మొకం మీద మన్ను పొయ్య బుద్ధి గాలె. నా తువాల కప్పిన."

బిడ్డకు జుట్టుందని ఆమెకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఒకచోట కూర్చుని ఇసుకలో అరచెయ్యి పెట్టింది. ఇది కాదేమో అనిపించి లేచి, ఇంకోచోట కూర్చుంది. అదీ కాదేమో అనిపించింది. సుబ్బారావు ఈసారీ కారు దిగలేదు. అద్దాలు ఎత్తుకుని, ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

"ఎండ ముదురుతుంది. పోదాం మేడమ్," అని జలంధర్ బతిమాలాడు.

ఆ తర్వాత ఆమె మార్తా ఇంటికి వెళ్ళడం మానేసింది. మళ్ళీ పిల్లలు కలగలేదు. భార్యాభర్తలు పోట్లాడుకోనూ లేదు, మాట్లాడుకోనూ లేదు. తొంభై ఎనిమిదిలో కాంట్రాక్టు అయిపోతే గుంటూరు తిరిగొచ్చి, బ్రాడీపేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. సామాను దించుతుండగా ఇంటావిడ వచ్చి పలకరించింది.

"పిల్లలెంతమందమ్మా?"

వసుంధర నోరు తెరిచేలోపే సుబ్బారావు అన్నాడు, "లేరండీ."

ఆమె లోపలికి వెళ్ళి గిన్నెల పెట్టె విప్పసాగింది.