పొన్నచెట్టు కింద గుప్పెడు మట్టి

లేదండీ, నాకేం కుళ్ళు లేదు. మా దొడ్డమ్మ ప్రాణం పోయేటప్పుడు పక్కన ఉన్నది నేను కాదు, మా పిన్ని కూతురు బుల్లి. ఉంటే ఉంది. నేను ఆ వేళ కాలువ రేవులో కొబ్బరికాయలు ఒలుస్తున్నాను. బుల్లి గట్టు మీద పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అన్నయ్యా, దొడ్డమ్మ పోయింది," అంది.

అప్పుడు నేను అడిగిన మొదటి మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎలా పోయిందని అడగలేదు. "నీతో ఏమైనా చెప్పిందా?" అని అడిగాను.

"చెప్పింది. తర్వాత చెప్తాలే," అని వెనక్కి పరిగెత్తింది.

చూశారా? ఆఖరి మాట కూడా బుల్లికే.

దొడ్డమ్మ అంటే మా అమ్మకి అక్క. పిల్లలు లేరు. పడవలు కట్టే మా పెదనాన్న పోయి చాలా కాలమైంది. ఊళ్ళో సముద్రం వైపు ఆఖరి ఇల్లు ఆవిడదే. దీపానికి నూనె తీయడానికి అరుగు మీద కూర్చుని పొన్నకాయలు కొడుతూ, అలసినట్టు స్తంభానికి ఆనుకుందట. మళ్ళీ లేవలేదు. మా గ్రంథాలయం చేతిరాత పత్రిక చూసుకునే మాస్టారు ఆవిడ గురించి నన్ను రాయమన్నారు. నేను నాలుగో తరగతితో ఆపేసినవాణ్ణి. నలుగురిలో నోరు పెగలదు. అయినా ఎందుకు ఒప్పుకున్నానంటే, మాస్టారు అడిగింది నన్ను. బుల్లిని అడగలేదు.

మా ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుక మెరక ఉంది. ఒకప్పుడు దాని నిండా పొన్నచెట్లేనట. యుద్ధం రోజుల్లో కలప కోసం అన్నీ కొట్టుకుపోయారు. నాకు ఊహ తెలిసేసరికి అక్కడ సర్కారు తుమ్మ తప్ప ఇంకేమీ లేదు. కంచెకి పనికొస్తుందని ఎవరో నాలుగు విత్తనాలు చల్లితే అది మెరకంతా అల్లుకుపోయింది. దాని కింద గడ్డి కూడా మొలవదు. పొన్నలు పోయాక ఉప్పుగాలి నేరుగా చేల మీదికి వచ్చేది. ఆ మెరక మీద మళ్ళీ పొన్నలు లేపాలని దొడ్డమ్మకి పట్టుదల.

చేలకి వెళ్ళేవాళ్ళు ఆగి మరీ ఎగతాళి చేసేవారు. "ఏమ్మా, పొన్న ఎదిగి నీడ ఇచ్చేసరికి నువ్వుంటావా?"

"నేనుండకపోతే ఏమండీ, గాలి ఉంటది కదండీ," అనేది తల ఎత్తకుండానే.

నడుముకి మట్టి తవ్వే చిన్న బొరిగె దోపుకుని తిరిగేది. తుమ్మని మొదలంటా పెకలించేది. గోతులు తవ్వి, ఒక వర్షాకాలమంతా వాటిని ఖాళీగా వదిలేసేది. నాకు అర్థమయ్యేది కాదు. ఇంత కష్టపడి తవ్వి, మొక్క పెట్టకుండా ఎదురుచూడటం ఎందుకని అడిగాను.

"తుమ్మని నరికితే చాలదురా అబ్బులూ. అది పోయినా దాని పోట్లాట మట్టిలో ఉండిపోద్ది. వానకి కాస్త కడగనీ. ఆ తరవాత తల్లిమట్టి పోద్దాం," అంది.

తల్లిమట్టి అంటే పాత పొన్నచెట్టు కింద మట్టి. కొత్తమొక్క గోతిలో అది ఒక కొబ్బరిచిప్పెడు వేస్తేగాని మొక్క కుదురుకోదని ఆవిడ నమ్మకం. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, మా చుట్టుపక్కల మిగిలిన పాత పొన్న ఒక్కటే. అది శ్మశానం అంచున ఉంది. కొట్టడానికి ఎవరికీ ధైర్యం చాలకే అది మిగిలింది.

మూడేళ్ళ కిందట, మట్టికి మొదటిసారి తోడు కావాలనుకున్నప్పుడు దొడ్డమ్మ నన్నే పిలిచింది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ముందు పిలిచింది నన్నే.

"నేను రాను," అన్నాను. నాకు శ్మశానమంటే భయం.

"రాకపోతే మానెయ్యి. ఎప్పటికైనా నన్నక్కడికి తీసుకెళ్ళాల్సింది నువ్వే కదరా. అప్పుడు చూద్దువుగాన్లే," అని పకపకా నవ్వింది.

అరుగు మీద గవ్వలాడుతున్న బుల్లి లేచి బుట్ట నెత్తిన పెట్టుకుంది. అప్పటికి దానికి పదకొండేళ్ళు. మా పిన్ని లోపల్నుంచి అరిచింది. "ఆడపిల్లని అక్కడికి తీసుకెళ్తావా అక్కా? నలుగురూ ఏమనుకుంటారు?"

"చెట్టు దాకానేనే. చచ్చినోళ్ళు గుప్పెడు మట్టికి కాదంటారా ఏంటి!"

ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్ళారు, నవ్వుకుంటూ వచ్చారు. నాకు ఒళ్ళు మండింది. తెచ్చిన మట్టి నల్లగా, పొడిపొడిగా ఉంది. కుళ్ళిన ఆకుల మధ్య సన్నటి తెల్లదారాలు ఉన్నాయి. వాన పడ్డ మొదటి రోజు వాసన వచ్చింది.

"బూజు పట్టింది," అన్నాను.

"బూజు కాదురా. కంటికి కనపడని పనోళ్ళు ఉంటారు దీంట్లో. పిల్లమొక్క వేరు ఎంత దూరమని పోగలదు? దాహమేస్తే ఈళ్ళే వెళ్ళి తెచ్చి పెడతారు. నీళ్ళు మనం పోస్తాం. తాగించేది ఈళ్ళు."

ఆవిడ ఏ బడిలోనూ చదువుకోలేదు. ఎవరు చెప్పారో తెలీదు. అడిగితే, "మట్టిని వాసన చూస్తే అదే చెప్పుద్ది," అనేది.

నాకు పది మొక్కలు, బుల్లికి పది మొక్కలు ఇచ్చింది. మెరక మీద ఎదురెదురుగా రెండు వరసలు. "వచ్చే ఏడు కాలువకి నీళ్ళొదిలేనాటికి ఎవరి వరస బాగుంటే వాళ్ళకే నా విత్తుల బుట్ట. నా తరవాత మెరక చూసుకునేది వాళ్ళే," అంది. ఆ తాటాకు బుట్టలో ఎప్పుడూ పొన్నకాయలు ఉండేవి. ఊళ్ళో పొన్నమొక్క కావాలన్నవాళ్ళంతా ఆ బుట్ట దగ్గరికే వచ్చేవారు. ఆ బుట్ట నాకు కావాలి. బుట్ట కన్నా, "అబ్బులు బాగా పెంచేడు" అని ఆవిడ నోటితో అనడం కావాలి.

నా వాటా తల్లిమట్టి బుల్లి మోసుకొచ్చింది. శ్మశానం మట్టి, అందులోనూ బుల్లి తెచ్చింది! ఎవరూ చూడకుండా తీసుకెళ్ళి కాలువలో పారబోశాను. దాని బదులు వశిష్ఠ గోదావరి ఒడ్డుకి రెండు రోజులు తిరిగి ఒండ్రు మోసుకొచ్చి నా గోతుల్లో నింపాను. కోనసీమలో పుట్టినవాడెవడైనా అదే చేస్తాడు. ఒండ్రు పోస్తే ఎండుకర్ర చిగురిస్తుందని మనకి ఉగ్గుపాలతో చెప్తారు కదా. ఈసారి దొడ్డమ్మే నన్ను చూసి నేర్చుకుంటుందనుకున్నాను.

ఆ ఏడు కార్తికం నుంచి చినుకు లేదు. వేసవిలో మామూలుగానే కాలువలు కట్టేశారు. చెరువులు ఎండాయి. నూతుల్లో నీళ్ళు ఉప్పెక్కాయి. మెరక కింద ఇసుకలో చెలమ తోడి, ఊరిన నీళ్ళు కావడితో మోసేవాళ్ళం. మూడు రోజులకోసారి మొక్కకి ఒక్క ముంత. అన్ని మొక్కలకీ పోశాకే దొడ్డమ్మ తను తాగేది, అదీ ఒక్క ముంతే. "వాటికంతే, నాకూ అంతే," అనేది పెదవులు తడుపుకుంటూ.

నా ఒండ్రు ఎండి పెంకులా బీటలు వారింది. పోసిన నీళ్ళు ఆ బీటల్లోంచి ఇసుకలోకి జారిపోయేవి. మొక్కలు పసుపెక్కి, ఒక్కొక్కటే వాడిపోయాయి. ఎదురుగా బుల్లి మొక్కల ఆకులు నూనె రాసినట్టు మెరిసేవి. బుల్లి దొంగచాటుగా ఇంకో ముంత పోస్తోందని నా అనుమానం. తుమ్మపొద వెనక నక్కి మూడు మధ్యాహ్నాలు కాపలా కాశాను. ఒక్క ముంతే పోసింది. పోశాక గోతి మీద రాలిన ఆకులు సర్దేది. అంతే. దొంగతనం దొరికి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో!

జ్యేష్ఠం వచ్చేసరికి నావి నాలుగు మిగిలాయి, అవీ ప్రాణం పట్టుకుని ఉన్నాయి. బుల్లివి ఎనిమిది బతికాయి. కాలువకి నీళ్ళొదిలారు. మృగశిర మొదటి జల్లు పడింది. మర్నాడు పొద్దున్నే వరసలు చూస్తానంది దొడ్డమ్మ. ఆ మధ్యాహ్నం ఆవిడా బుల్లీ రాజోలు వెళ్ళారు.

అప్పుడు చేశాను ఆ పని. బుల్లి వరసలోంచి మంచివి నాలుగు మొక్కలు పెద్ద మట్టిగడ్డలతో సహా తవ్వి తీశాను. నా వరసలో పెట్టాను. నా రోగిష్టి నాలుగూ తీసుకెళ్ళి బుల్లి గోతుల్లో పెట్టి, మీద ఆకులు సర్దాను. బుల్లి సర్దినట్టే సర్దాను.

పొద్దున్నే దొడ్డమ్మ వచ్చింది. నా వరస ముందు చాలాసేపు కూర్చుంది. నా గోతిలోంచి చిటికెడు మట్టి తీసి వాసన చూసింది. బుల్లి వరస దగ్గరికి వెళ్ళింది.

"ఏమే బుల్లీ, నాలుగు ఇలా నీరసపడ్డాయేంటే?"

"నిన్నటిదాకా బాగానే ఉన్నాయి దొడ్డమ్మా! ఒట్టు!" బుల్లి ఆ మొక్కల ముందు చతికిలబడింది.

నాకు జాలి వేయలేదు. లోపల పండగలా ఉంది. దొడ్డమ్మ చేతులు దులుపుకుంటూ లేచి, ఎవరివైపూ చూడకుండా, "మొక్కలకి కాళ్ళుండవు," అంది. "దసరాకి చూద్దాంలే," అని వెళ్ళిపోయింది.

దసరాకి ఏం జరిగిందో చెప్పనా? బుల్లి గోతుల్లో పెట్టిన నా నాలుగు రోగిష్టి మొక్కలూ కోలుకుని కొత్త ఆకు తొడిగాయి. నా గోతుల్లో నాలుగూ కూడా బతికాయి, ఆ మట్టిగడ్డల పుణ్యమా అని. చచ్చేవాటిని బతికించిందని ఊరంతా బుల్లిని మెచ్చుకున్నారు. విత్తుల బుట్ట బుల్లికి వెళ్ళింది. అది గెలిచింది నా మొక్కలతో! ఆ మాట అనాలంటే నా దొంగతనం చెప్పుకోవాలి. నోరు మూసుకున్నాను.

నా భుజం మీద చెయ్యి వేసి దొడ్డమ్మ, "నీవీ బతికేయిరా. వాటితో మట్టి కూడా తోడొచ్చింది," అంది. తెలిసే అందని ఇప్పుడు అనుకుంటున్నాను. తెలిసినా ఒక్కనాడూ తిట్టలేదు. ఆ రోజు మధ్యాహ్నం చేపల పులుసులో పెద్దముక్క నాకే వేసింది. నేను మాత్రం బుల్లి కంచంలో ఎంత పెద్ద ముక్క పడిందా అని చూశాను.

తర్వాత రెండేళ్ళూ వాళ్ళిద్దరూ బుట్ట పట్టుకుని మట్టికి వెళ్తుంటే నేను గట్టు మీద నుంచి చూశాను. ఆవిడ ఇంకా ఉంటుందిలే, ఎప్పుడో ఒకప్పుడు చెప్పొచ్చులే అనుకున్నాను.

ఆవిడకి తలకొరివి నేనే పెట్టాను. నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తుంటే ఆవిడ అన్న వేళాకోళమే చెవిలో ఉంది. మూడోరోజు అస్థులకి వెళ్ళేముందు బుల్లి గుమ్మం దగ్గర నిలబడింది. పెద్దపిల్ల అయింది కదా, దాన్ని ఇప్పుడు అటు పంపరు.

"అన్నయ్యా, ఈ ఏడు మొక్కలకి మట్టి కావాలి. నువ్వు వెళ్తావు కదా," అంది. అంటూ నన్ను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మూడేళ్ళూ నేను దాన్ని అలాగే చూశాను.

"ఆ రోజు దొడ్డమ్మ ఏం చెప్పింది?" అన్నాను.

"నన్ను వెళ్ళనివ్వట్లేదని ఏడ్చేను. 'బెంగపడకే, తల్లిమట్టి ఇంక అబ్బులు తెస్తాడులే' అంది. అంతే."

"నా గురించి ఇంకేమీ అనలేదా?"

"లేదు. ఏమనాలి?"

చెట్టు నేను భయపడినంత ఏమీ లేదు. కింద పూలు రాలి తెల్లగా ఉంది. మొదట్లో గుంట ఉంది, దొడ్డమ్మ చేతులు ఏళ్ళ తరబడి తవ్వి నున్నగా చేసిన గుంట. దాని పక్కన చిన్నది ఇంకొకటి, అది బుల్లిది. ఆ రెంటి మధ్య కూర్చుని తవ్వి తువ్వాల్లో పోసుకున్నాను.

"ఒరేయ్, ఇక్కణ్ణుంచి ఏదీ ఇంటికి పట్టుకెళ్ళకూడదురా!" అని మా వీధి పెద్దాయన కేకేశారు.

"ఇంటికి కాదండీ, మెరకకండీ," అన్నాను. నలుగురి ముందు నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

బుల్లి కొత్త మొక్కలన్నిటికీ ఆ మట్టి వేసింది. వేశాక తువ్వాలు నా చేతికిస్తూ, "ఇంకో గుప్పెడు ఉంది. నీ మొక్కకి వేసుకో అన్నయ్యా," అంది.

పత్రిక ఈసారి ముందు వాళ్ళింటికే పంపమని మాస్టారికి చెప్పాను. ఎదురుగా చెప్పలేనిది బుల్లి ఇందులో చదువుకుంటుంది. నా వరసలో పచ్చగా ఉన్న నాలుగూ దానివి. నావి నాలుగూ దాని వరసలో ఉన్నాయి. ఇప్పుడన్నీ నా భుజం దాకా వచ్చాయి, గాలికి అన్నీ ఒకేలా ఊగుతున్నాయి. తువ్వాల్లో మట్టి ఇంకా తడిగానే ఉంది. ఏది నా మొక్క అని వెయ్యమంటారు?