చెంగమ్మ బోరులో తీపి

కొవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. నగరి దగ్గర ఒక చిన్న పవర్ ప్లాంట్‌లో నేను వాటర్ కెమిస్ట్‌ని. చెనక్కాయ పొట్టు, రంపపు పొట్టు కాల్చి కరెంటు తీసే ప్లాంట్ అది. తిరుపతి నుంచి రోజూ పొద్దున్నే బస్సులో వెళ్ళేదాన్ని.

కరెంటంటే అందరూ నిప్పు గురించే ఆలోచిస్తారు. నా పని మొత్తం నీళ్ళతోనే. కూలింగ్ టవర్‌లో నీళ్ళు ఆవిరయ్యే కొద్దీ మిగిలినవి ఉప్పెక్కుతాయి. వాటిని అప్పుడప్పుడూ బయటికి తీసేయాలి. దాన్నే బ్లోడౌన్ అంటాం; పైపులు తుప్పు పట్టకుండా మేం కలిపే రసాయనాలూ అందులో ఉంటాయి. ఆ ఉప్పునీళ్ళను ఎక్కడ వదలాలన్నదే మాకు పెద్ద తలనొప్పి. కాలవలోకి వదలకూడదు, చెరువులోకి అసలే వదలకూడదు. అందుకని మేనేజర్ గారు ఇంజెక్షన్ వెల్ ఒకటి వేయించారు. మామూలు బోరు నీళ్ళను పైకి తోడుతుంది. ఇది ఒత్తిడితో లోతైన రాతి పొరల్లోకి దించుతుంది. పై పొరల్లోకి చిమ్మకుండా చాలా లోతు దాకా ఇనుప కేసింగ్ దించి, చుట్టూ సిమెంటు నింపారు. అనుమతి అడిగే ముందు మంచినీళ్ళతో పరీక్ష చేసి చూపాలి. ఆ బాధ్యత నాది.

మా ఆవరణలోని వాననీళ్ళ కుంట నుంచి పంపు పెట్టాం. రెండు రోజులు ప్రెషర్ గేజ్ ముల్లు పైపైకి పోయింది. మూడో రోజు ఉన్నట్టుండి దిగింది. ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా బావి తాగేస్తూనే ఉంది. మేనేజర్ గారు సంబరపడ్డారు. నాకూ సంతోషంగానే ఉండింది.

వారం తర్వాత చెంగమ్మ గేటు దగ్గరికి వచ్చింది. ప్లాంట్ వెనక ఎకరన్నరలో కనకాంబరాలు పెట్టి, పూలు తిరుచానూరుకు పంపే ఆవిడ. పరీక్షకు ముందు చుట్టుపక్కల బోర్ల నీళ్ళు తెచ్చి కొలిచినప్పుడు పరిచయమైంది. అప్పట్లో ఆమె బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉండేవి. ఆ రోజు వస్తూనే మూరెడు పూలు నా చేతిలో పెట్టింది.

"మీరు ఆ బాయిలో నీళ్ళు పోసినప్పట్నించి మా బోరు తియ్యగా ఉండాది పాపా. పప్పు కూడా బిన్నా, రెండు పొంగులకే ఉడకతా ఉండాది. ఇంకా పొయ్యండి."

మూడో రోజు గేజ్ ముల్లు ఉన్నట్టుండి ఎందుకు దిగిందో అప్పుడు అర్థమైంది. మా నీళ్ళు ఏదో రాతి పగులు వెంట ఆమె బోరుకు చేరుతున్నాయన్నమాట. రేపు బ్లోడౌన్ కూడా అదే దారిన పోతుంది.

పంపు నాలుగు రోజులు ఆపించి, ఆమె బోరు నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచాను. పెరిగాయి. మళ్ళీ పంపు వేయిస్తే తగ్గాయి. మేనేజర్ గారు వానల వల్లేమో అన్నారు. వానే పడలేదని రిజిస్టరు చూపించాను. ఇంత దూరం వచ్చాక పైవాళ్ళకు ఏం చెప్పాలని విసుక్కున్నారు. ఉద్యోగం పోతుందేమోనని నాకు భయంగానే ఉండింది. అయినా ఒక్కసారి చెంగమ్మ చేనుకు రమ్మని బతిమాలాను.

వచ్చారు. చెంగమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. సగం తాగి, బాగున్నాయన్నారు.

"సార్, మన బ్లోడౌన్ వదిలాక కూడా ఈ బోరు నీళ్ళు తాగగలరా?" అని అడిగాను.

ఆయన మిగతా సగం తాగి చెంబు తిరిగిచ్చారు. ఇద్దరం ప్లాంట్ గేటు దాకా నడిచి వచ్చాం. లోపలికి పోయే ముందు, "రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయమ్మా," అన్నారు.

అంతకన్నా కష్టమైంది చెంగమ్మకు చెప్పడం. పంపు ఆపేస్తున్నామని, నీళ్ళు మళ్ళీ ఉప్పెక్కుతాయని, ఎందుకో కూడా వివరంగా చెప్పాను.

"ఉప్పు మాకు అలవాటే పాపా. ఇసం కాకుంటే సాలు."

బ్లోడౌన్‌ను ప్లాంట్‌లోనే మరిగించి, ఉప్పును పొడిగా వేరుచేసే యంత్రం రావడానికి ఏడాది పట్టింది. అప్పటిదాకా అడుగున ప్లాస్టిక్ పరిచిన గుంటల్లో ఎండబెడుతూ నెట్టుకొచ్చాం. ఆ బావిని పూడ్చేయాలన్నారు కొందరు. మేనేజర్ గారే పట్టుబట్టి, షెడ్ల మీద పడే వాననీళ్ళను ఇసుకలో వడకట్టి అందులోకి దించేందుకు అనుమతి తెచ్చారు. తర్వాతి వానాకాలం దాటాక చెంగమ్మ ఇంకో అర ఎకరం మల్లెలు పెట్టింది.

బావి నీళ్ళు తీసుకుంటోందా లేదా అన్నంతవరకే నా పరికరాలు చెప్పగలవు. ఎక్కడికి పోతున్నాయో వాటికి తెలియదు. ఇప్పుడు ఏ ప్లాంట్‌కు వెళ్ళినా ముందు బయట తిరిగి, అక్కడి బోర్ల దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళతో మాట్లాడతాను. నీళ్ళు చెడ్డాయంటే ఎవరైనా కారణం వెతుకుతారు. బాగయ్యాయన్నా వెతకాలని నాకు చెంగమ్మ నేర్పింది.