చేరకముందే పంపిన మెసేజ్

నేను అబద్ధాలాడే మనిషిని కాను, ఒక్క విషయంలో తప్ప. నేను ఢిల్లీ వచ్చి పదమూడేళ్ళయినా కాకినాడలో ఉన్న మా అమ్మ "చేరాక ఫోన్ చెయ్యి" అనడం మానలేదు. ఆఫీసుకి చేరాక చెప్పాలి, ఇంటికి చేరాక చెప్పాలి, కూరలు కొనుక్కుని తిరిగొచ్చాకా చెప్పాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే నాలుగు మిస్డ్ కాల్స్. దానికి నేనో ఉపాయం కనిపెట్టాను. మెట్రోలో ఇంకా రెండు స్టేషన్లు ఉండగానే "చేరాను" అని మెసేజ్ కొట్టేసేదాన్ని. అమ్మ నిశ్చింతగా ఉండేది, నా ప్రాణమూ హాయిగా ఉండేది. మా ఆయనకీ అదే మందు వేసేదాన్ని. ఇది తప్పని ఎవరైనా అంటే పోట్లాటకి దిగేదాన్ని కూడా.

సెలవు రోజుల్లో నాకు చేపల పిచ్చి. గురుగ్రామ్ దాటాక ఆరావళి గుట్టల మధ్య ఒక చెరువుంది. ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి పడవని, అదే కయాక్‌ని, కారు నెత్తిన కట్టుకుని ఆరేళ్ళుగా అక్కడికి వెళ్తున్నాను. గాలం వేసి బొచ్చెలు పట్టాను, వాలుగలు పట్టాను. రెండు మూడు సార్లు పడవ బోర్లా పడితే లేచి నిలబడ్డాను, ఎందుకంటే నేను తిరిగే మేర నీళ్ళు నడుం దాకానే ఉంటాయి. అంతమాత్రానికే నాకు నీళ్ళ సంగతి అంతా తెలుసనుకున్నాను.

పోయిన చలికాలం మొదట్లో ఆఫీసువాళ్ళు నన్ను వేసవిలో నాలుగు నెలలు నార్వే పంపుతామన్నారు. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అక్కడ నాతో కలిసి పనిచేయబోయే అతను వీడియో కాల్‌లో తన రెండు కయాక్‌లు చూపించి, సముద్రంలో చేపలు పడదాం వస్తావా అన్నాడు. అతను అడిగిందే తడవుగా ఒప్పేసుకున్నాను. మా ఆయన మాత్రం కింది ఫ్లాట్ అంకుల్ సరేనంటేనే సముద్రంలో అడుగు పెట్టమన్నాడు. ఆ అంకుల్‌ది శ్రీకాకుళం తీరం. నేవీలో డైవర్‌గా పనిచేసి రిటైరై, వసంత్ కుంజ్‌లో మా కింద ఇంట్లో ఉంటున్నారు.

నేను నా సరంజామా అంతా ఆయన ముందు పరిచాను. రెండు జతల థర్మల్స్, ఊలు స్వెటర్, లావుపాటి జాకెట్, మంకీ క్యాప్. జనవరిలో ఢిల్లీని తట్టుకున్నవాళ్ళకి నార్వే వేసవి ఓ లెక్కా అన్నాను. ఆయన నవ్వలేదు.

"సన్నీళ్ళతో తానం సేసి ఎన్నేళ్ళయినాదమ్మా?"

గీజర్ లేని స్నానం నాకు గుర్తే లేదు.

"ఇయన్నీ గాలికి. నువ్వు పడితే పడేది నీటిలోన. అక్కడ ఎండ కాసినా నీరు మన ఫ్రిజ్జులో సీసాలాగే ఉంటాది. గాలిని సూసి బట్టలేసుకోకు, నీటిని సూసి ఏసుకో."

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే ట్యాంకు నీళ్ళు బకెట్టుతో నెత్తిన గుమ్మరించుకోవడమే నా చదువు. మొదటి బకెట్టుకే గుండె బిగుసుకుపోయి నోరు దానంతటదే తెరుచుకునేది. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే మింగేది నీళ్ళే. అందుకని ఆ మొదటి నిమిషం ఈత కొట్టకూడదు, కంగారుపడకూడదు, పడవని పట్టుకుని ఊపిరి మెల్లగా వదులుతూ ఉండాలి. ఒంటి మీది లైఫ్ జాకెట్ మనల్ని తేలుస్తుంది. చేతుల్లో సత్తువ కొద్ది నిమిషాలే ఉంటుంది కాబట్టి ఊపిరి అదుపులోకి రాగానే పడవ ఎక్కెయ్యాలి. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా రబ్బరు బిగుసుకుని ఉండే డ్రై సూట్ తెప్పించుకున్నాను. నీళ్ళు లోపలికి రానివ్వదది. చెరువు కట్ట దగ్గర కాళ్ళందని లోతులో పడవ తిప్పేసి ఎక్కమన్నారు అంకుల్. ఆరుసార్లు జారిపడ్డాను. ఏడోసారి ఎక్కి, ఆయన్ని మనసులో తిట్టుకున్నాను.

ఆయన పెట్టిన మరో నియమం అన్నిటికన్నా తేలికనిపించింది. నీళ్ళలోకి దిగేముందు ఎక్కడికి వెళ్తున్నానో, ఎన్నింటికి వస్తానో మెసేజ్ పెట్టాలి. ఒడ్డెక్కాక ఇంకోటి పెట్టాలి. చెప్పిన టైముకి రాకపోతే ఒడ్డునున్నవాళ్ళు వెతకడం మొదలుపెడతారు. అమ్మ పెట్టించే మెసేజే కదా అనుకున్నాను.

ఒక ఆదివారం పొగమంచు పలచబడ్డాక చెరువులోకి దిగాను. పదకొండింటికి వస్తానని రాశాను. అంకుల్ గట్టు మీద కారులో కూర్చున్నారు. పదిన్నరకి మంచు మళ్ళీ కమ్ముకుంది. అప్పుడే వెనక్కి తిరగాల్సింది, కానీ చేపలు ఒకదాని తర్వాత ఒకటి గాలం లాగుతున్నాయి. పదకొండుకి ఐదు నిమిషాలుండగా, ఆయన ఊరికే గాభరా పడతారని, నడి చెరువులో ఉండి "ఒడ్డుకు వచ్చేశాను అంకుల్" అని పంపాను. చెయ్యి అలవాటుగా టైపు చేసేసింది.

పదకొండున్నరకి తెడ్డు వేసుకుంటూ వస్తే, మంచులో ఎవరో నా పేరు పెట్టి అరుస్తున్నారు. అంకుల్ మోకాళ్ళ లోతు నీళ్ళలో బూట్లతో నిలబడి ఉన్నారు. పడవ ఎత్తడానికి సాయం పడదామని వచ్చారట. ఒడ్డున నేనూ లేను, పడవా లేదు. ఒడ్డెక్కబోతూ జారి పడ్డాననుకుని అరగంట నుంచీ ఆ రేవంతా కాళ్ళతో వెతుకుతున్నారు. ఆ వయసు మనిషి పెదాలు నీలంగా మారి ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఇద్దరం ఇంటికి తిరిగొచ్చాం. ఇంటి మెట్ల దగ్గర ఆగి అన్నారు.

"ఒచ్చీసినానని నువ్వు రాయకపోతే ఎతుకుతాం. ఒచ్చీసినానంటే ఎతకడం మానేస్తాం. నేనే గానీ ఇంటికాడ ఉంటే టీ తాగి పడుకుందును. నీకు నేను నేర్పనమ్మా."

అంటే నా సముద్రం అక్కడితో సరి. అంతకన్నా ఎక్కువగా ఆ నీలం పెదాలు నన్ను బాధపెట్టాయి. క్షమించమని అడగడానికి మొహం చెల్లక, మర్నాటి నుంచి ఆయనకి నిజాలు పంపడం మొదలుపెట్టాను. ఆఫీసు కుర్చీలో కూర్చున్నాకే "చేరాను". తాళం తీసి లోపలికి అడుగుపెట్టాకే "ఇల్లు చేరాను". ఒక్కదానికీ జవాబు లేదు. అమ్మకీ అలాగే పంపుతుంటే ఆవిడ ఓ రోజు, "ఏంటే, ఢిల్లీలో ట్రాఫిక్ బాగా పెరిగిపోయిందా? ఈ మధ్య రోజూ ఆలస్యంగా చేరుతున్నావు" అంది. అవునన్నాను.

పదహారో రోజు మెట్రో సొరంగంలో ఆగిపోయింది. మళ్ళీ సిగ్నల్ అందగానే "ఇంకా చేరలేదు. దారిలోనే ఉన్నాను" అని రాశాను. నిమిషంలో జవాబొచ్చింది: "ఠీక్ హై. ఆదివారం ఆరింటికి కిందికి రా."

మే నెలలో నార్వే చేరాను. మొదటి రోజు అంకుల్‌కి మొత్తం రాసి పంపాను: ఇద్దరం వెళ్తున్నాం, తీరం పక్కనే ఉంటాం, పదకొండింటికి తిరిగొస్తాం. అక్కడి తీర రక్షణ దళం నంబరు అప్పటికే ఆయన డైరీలో ఉంది. సముద్రం మా చెరువులాగే నున్నగా ఉంది. పది దాటాక గట్టు మీంచి సముద్రంలోకి, పడవల్ని ఒడ్డుకి దూరంగా నెట్టే గాలి లేచింది. నా గాలానికి ఇంకా ఒక్క చేపే పడింది. తోటి అతను నా వైపు చూశాడు. నేను అప్పటికే పడవ తిప్పేశాను.

ఒడ్డు పది బారల దూరంలో ఉంది. ఫోన్ లైఫ్ జాకెట్ జేబులోనే ఉంది. చెయ్యి దాని మీదకి వెళ్ళింది కూడా. వెనక్కి తీసుకుని తెడ్డు వేశాను. దిగి, పడవ రాళ్ళ మీదకి లాగి, చేతి తొడుగులు విప్పి, అప్పుడు రాశాను: "ఒడ్డెక్కాను అంకుల్."

ఢిల్లీలో అప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. నిజమేనా అని ఆయన అడగలేదు.

"ఠీక్ హై. ఇంక నేను అన్నం తింటాను" అని రాశారు.